తొలి పాముకు ఇల్లు: వాదన ఒక చోట, ప్రమాదం ఇంకో చోట

అమెరికాలో పెద్ద పెట్‌షాపు దేనికి వెళ్ళినా సరీసృపాల వరసలో ‘స్టార్టర్ కిట్’ అనే అట్టపెట్టె ఒకటి కనిపిస్తుంది. విప్పితే 20 గ్యాలన్ల గాజుతొట్టి, పైన జాలీ మూత, అడుగున అతికించే హీట్ మ్యాట్, గాజుకు అంటించే ముల్లు థర్మామీటరు, బోలు ప్లాస్టిక్ దుంగ, ఓ కొబ్బరిపొట్టు ఇటుక ఉంటాయి. పాము కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తున్న పిల్లాడికి లొంగిపోయి, డాలస్‌లోనో షార్లెట్‌లోనో ఉండే తెలుగు తల్లిదండ్రులు చివరికి కొనేది ఇలాంటిదే. ఈ కిట్లలో చాలావాటిలో ఉండనివి రెండున్నాయి: మ్యాట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, మూతను కదలకుండా పట్టే గొళ్ళెం.

తొలి పాముకు పెట్టె ఎలా అమర్చాలన్నదాని మీద పెంపకందార్లు, పశువైద్యులు, జంతు సంక్షేమ సంస్థలు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. పెట్టె ఎంత పెద్దది ఉండాలి, అతినీలలోహిత కాంతి కావాలా, సొరుగుల్లో పెంచవచ్చా అనే విషయాల్లో రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడతాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: వాదన జోరుగా సాగేది ఒక చోట, పాము ప్రాణం మీదికి వచ్చేది ఇంకో చోట. వేడి గురించీ మూత గురించీ ఎవరికీ పేచీ లేదు, కొత్తవాళ్ళు దెబ్బతినేది మాత్రం అక్కడే. అలాగని వాదనలన్నీ వట్టివని కొట్టిపారేయలేం. స్థలం విషయంలో సాక్ష్యం ఒక వైపుకు మొగ్గుతోంది.

ఏ పాము అన్నది తేలికగా తేలుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు ఎక్కువమంది చెప్పేవి రెండే: అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కార్న్ స్నేక్, పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. రెంటికీ విషం లేదు. పెద్దయ్యాక మూడు నుంచి అయిదడుగులు ఉంటాయి. కార్న్ స్నేక్ 15-20 ఏళ్ళు, బాల్ పైథాన్ 30 ఏళ్ళ దాకా బతకడం మామూలే. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్ళు దాటిన బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టి వార్తలకెక్కింది. పిల్లాడు కాలేజీకి వెళ్ళిపోయాక కూడా ఈ పెట్టె ఇంట్లో ఉండబోతుందన్న లెక్కతోనే కొనాలి.

చట్టం సంగతి చూసుకోకుండా పెట్టె కొనడం దండగ. కార్న్ స్నేక్ అడవిలో తిరిగే జార్జియా రాష్ట్రంలో దాన్ని ఇంట్లో పెంచడానికి వీల్లేదు, ఎక్కడో ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌కు అభ్యంతరం లేదు. స్థానిక జాతులను జనం పట్టుకుపోకుండా చేసిన ఏర్పాటు అది. అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, వాళ్ళకు ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. న్యూజెర్సీలో కార్న్ స్నేక్ ఆ రాష్ట్రపు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా ఉంచుకోకూడదు. హవాయిలో ఏ పామునూ పెంచనివ్వరు.

మన దగ్గర నిబంధన ఇంకా గట్టిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జెర్రిపోతును గానీ నీరుకట్టెను గానీ కొండచిలువను గానీ ఇంట్లో పెట్టుకోవడం నేరం. విదేశీ జాతుల మాటకొస్తే, 2022 సవరణతో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటీస్ జాబితాలోని జంతువులు మన చట్టంలోకి వచ్చాయి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, చేతులు మారినా పిల్లలు పెట్టినా తెలపాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలోదే. బ్యాంకాక్ నుంచి వచ్చే సామాన్లలో గుడ్డసంచుల్లో చుట్టి తెచ్చిన బాల్ పైథాన్‌లను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళు మళ్ళీ మళ్ళీ పట్టుకుంటున్నారు. హైదరాబాదులో ఎవరైనా కాగితాలు లేకుండా ‘బేబీ పైథాన్’ చూపిస్తే అది ఏ దారిన వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అందుకే ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా అమెరికా, బ్రిటన్‌లలో చట్టబద్ధంగా పెంచేవాళ్ళ సంగతి.

ఇక వేడి. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, వెచ్చని చోటికీ చల్లని చోటికీ జరుగుతూ సర్దుకుంటుంది. తిన్న ఎలుక అరగాలన్నా వెచ్చదనం కావాలి. పెట్టె చల్లబడితే పాము తిన్నది కక్కేస్తుంది. చలికి తేమ తోడైతే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. కాబట్టి పెట్టెలో ఒక చివర వెచ్చగా, రెండో చివర చల్లగా ఉండాలి. కార్న్ స్నేక్‌కు వెచ్చని వైపు నేల 29 నుంచి 32 డిగ్రీల సెంటీగ్రేడు, చల్లని వైపు 24 దగ్గర ఉంటే బాగుంటుంది. బాల్ పైథాన్‌కు వెచ్చని వైపు 31 నుంచి 33, చల్లని వైపు 25-27. ఫారెన్‌హీటులో అలవాటైనవాళ్ళు వెచ్చని వైపు 90కి కాస్త అటూ ఇటూ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

చెప్పడానికి ఇంత సులువైనది చేతల్లో ఎందుకు బెడిసికొడుతుంది? హీట్ మ్యాట్‌ను నేరుగా ప్లగ్గులో పెడితే అది ఆగకుండా కాగుతూనే ఉంటుంది. గాజు మీది వేడి 45-50 డిగ్రీలు దాటిపోవచ్చు. కాలుతున్నా పాము అక్కడే చుట్ట చుట్టుకుని పడి ఉండటం, పొట్ట పొలుసులు మాడి చర్మం ఊడొచ్చేదాకా యజమానికి తెలియకపోవడం సరీసృపాల వైద్యులు తరచూ చూసేదే. వేడిరాళ్ళ పేరుతో ఒకప్పుడు విరివిగా అమ్మిన కృత్రిమ రాళ్ళకు చెడ్డపేరు వచ్చింది కూడా ఈ కాలిన గాయాలతోనే. వీటికి విరుగుడు థర్మోస్టాట్. దాని కొసన ఉండే ప్రోబ్ వేడిని కనిపెట్టి, హద్దు దాటగానే కరెంటు ఆపుతుంది.

థర్మోస్టాట్ కొన్నవాళ్ళు కూడా ప్రోబ్ పెట్టే చోట తప్పు చేస్తారు. పెట్టె లోపల పొట్టు మీద వదిలేస్తే పాము దాన్ని చల్లని వైపుకు ఈడ్చుకుపోతుంది, లేదా నీళ్ళ గిన్నె ఒలికి అది తడుస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ ‘చల్లగా ఉంది’ అనుకుని మ్యాట్‌ను కాగిస్తూ పోతుంది. మ్యాట్‌కూ పెట్టె అడుక్కూ మధ్య ప్రోబ్‌ను బిగించి, లోపల విడిగా ఒక డిజిటల్ థర్మామీటరు పెట్టుకోవడం మేలైన పద్ధతి. కిట్‌లో వచ్చే ముల్లు థర్మామీటరు గాజు గోడకు ఎత్తున అతుక్కుని గాలి వేడిని, అదీ ఉజ్జాయింపుగా, చెబుతుంది. పాము పడుకునేది నేల మీద. వేడిని దూరం నుంచే కొలిచే పాతిక, ముప్ఫై డాలర్ల ఇన్ఫ్రారెడ్ గన్ ఒకటి చేతిలో ఉంటే గుచ్చి చూడక్కర్లేదు. మ్యాట్ నేలలో మూడో వంతుకు మించి ఉండకూడదు, దాని మీద పొట్టు మందంగా పోయకూడదు. పొట్టు మందమైతే వేడి పైకి రాక కింద గాజు పగిలే ప్రమాదముంది.

దీపాల పక్షంవాళ్ళు మ్యాట్ మొత్తానికే వద్దంటారు. ఎండ పైనుంచి పడుతుంది కదా, వేడీ పైనుంచే రావాలని వాళ్ళ వాదన. హాలోజెన్ బల్బు వేడి కండరాల లోపలి దాకా పోతుందన్నది నిజమే. ఎత్తయిన పెట్టెల్లో, చలి ఎక్కువున్న ఇళ్ళల్లో మ్యాట్ ఒక్కటే చాలదన్నదీ నిజమే. కానీ దీపం పెట్టెలో తేమను లాగేస్తుంది, పైగా బల్బు చుట్టూ జాలీ లేకపోతే పాము దానికి చుట్టుకుని కాలుతుంది. నా అభిప్రాయంలో మొదటిసారి పెంచేవాళ్ళకు ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. ఎంచుకున్నదాని వెనక థర్మోస్టాట్ ఉందా లేదా అన్నదే ముఖ్యం. రాత్రిపూట ఎర్ర బల్బులు, నీలి బల్బులు వెలిగించే పాత అలవాటు మాత్రం మానాలి. పాముకు చీకటి కావాలి.

మూత విషయం త్వరగా చెప్పేయవచ్చు. కార్న్ స్నేక్ పిల్ల పెన్సిలంత లావు ఉంటుంది, తల దూరిన సందులోంచి ఒళ్ళంతా దూరుస్తుంది. జాలీ మూతను పైన ఆనించి పుస్తకాలు బరువు పెట్టేవాళ్ళున్నారు. పాము రాత్రంతా మూలమూలా ముక్కుతో పొడిచి చూస్తుంది, ఏదో ఒక రాత్రి అది లేస్తుంది. అన్ని వైపులా క్లిప్పులు కావాలి, లేదా ముందు వైపు తెరుచుకునే పెట్టె తీసుకుని జారుడు గాజు తలుపులకు నగల దుకాణాల్లో వాడే రకం తాళం వేయాలి. వైర్లు వెళ్ళే కంత ఎంత ఉందో చూడాలి. సందులు మూయడానికి పెట్టె లోపల టేపు అతికించవద్దు. దానికి అంటుకున్న పామును విడదీసేటప్పుడు పొలుసులు చర్మంతో సహా లేచివస్తాయి.

కార్న్ స్నేక్ తప్పించుకుంటే ప్రమాదం దానికే. పెద్ద జాతుల సంగతి వేరు. 2009లో ఫ్లోరిడాలో ఒక ఇంట్లో బర్మీస్ పైథాన్ గాజుతొట్టి దాటి వచ్చి రెండేళ్ళ పాపను చంపింది. ఆ తొట్టికి సరైన మూత లేదు, దుప్పటి కప్పి ఉంచారు. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్‌లో ఆఫ్రికన్ రాక్ పైథాన్ తన గూడు తప్పించుకుని, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలను చంపింది. ఈ మధ్యలో, 2012లో, అమెరికా ప్రభుత్వం బర్మీస్ పైథాన్‌తో సహా కొన్ని పెద్ద జాతులను దిగుమతి చేసుకోకూడని హానికర జీవుల జాబితాలో చేర్చింది. దానికి ప్రధాన కారణం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్‌లు పాతుకుపోయి అక్కడి జంతువులను తినేయడం. అవి అక్కడికి చేరింది పెంపకందార్ల ఇళ్ళ నుంచి, వ్యాపారుల గిడ్డంగుల నుంచి. ‘చిన్నప్పటి నుంచి పెంచితే మాలిమి అవుతుంది’ అని పెద్ద జాతి పిల్లను అంటగట్టే అమ్మకందారు ఎదురైతే మర్యాదగా వెనుదిరగడమే మంచిది.

అన్నిటికంటే ఎక్కువ సిరా ఖర్చయింది పెట్టె కొలత మీద. పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవంత వస్తే చాలన్నది ఎన్నో ఏళ్ళు పెంపకం పుస్తకాల్లో నడిచిన లెక్క. పామెప్పుడూ చుట్ట చుట్టుకునే ఉంటుంది కదా, ఇంత స్థలం ఎందుకన్నది దాని వెనక ఊహ. 2019లో క్లిఫర్డ్ వార్విక్, సహ పరిశోధకులు ఆ ఊహనే ప్రశ్నించారు. స్థలమున్న చోట పాములు ఒళ్ళు పూర్తిగా సాచుకోవడాన్ని గమనించి, సాచుకోలేని పెట్టె చాలదని తేల్చారు. బ్రిటన్ జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ కూడా పాము నిడివికి తగ్గని పెట్టె ఉండాలంటోంది. ఆ లెక్కన నాలుగడుగుల కార్న్ స్నేక్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె కావాలి. కిట్‌లో వచ్చిన 20 గ్యాలన్ల తొట్టి పొడవు రెండున్నర అడుగులే.

ఎదుటి పక్షం సొరుగులవాళ్ళది. పెద్దఎత్తున పిల్లలు చేయించే వ్యాపారులు బాల్ పైథాన్‌లను బీరువా సొరుగుల్లాంటి ప్లాస్టిక్ టబ్బుల్లో పెంచుతారు. చీకటి, ఇరుకు, నిలకడైన తేమ, ఇవే దానికి ఇష్టమంటారు. ఆఫ్రికాలో అది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పడుకుంటుంది కదా అని గుర్తుచేస్తారు. పెద్ద పెట్టెలోకి మారిస్తే తిండి మానేసిందన్న ఉదాహరణలు వాళ్ళ దగ్గర బోలెడు. ఈ వాదనలో సగం నిజముంది. పుట్టలో పడుకునే పాము పుట్టలోనే బతుకు వెళ్ళదీయదు. 1998లో లూయిసెల్లి, ఆంజెలిచీ ఆగ్నేయ నైజీరియా అడవుల్లోని బాల్ పైథాన్‌ల మీద రాసిన వ్యాసంలో మగవి ఎక్కువగా పక్షులను, ఆడవి ఎలుకజాతి జంతువులను తింటున్నాయని తేలింది. పక్షిని పట్టేది చెట్టెక్కాలి. మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అవే బాల్ పైథాన్‌లను కొన్నాళ్ళు సొరుగుల్లో, కొన్నాళ్ళు అమర్చిన టెర్రేరియంలో ఉంచి చూసి 2021లో ఫలితాలు ప్రచురించారు. టెర్రేరియంలో అవి ఎక్కాయి, తవ్వుకున్నాయి, దీపం కింద పడుకున్నాయి. సొరుగుల్లో వాటికి ఆ వీలే లేదు. అదే ఏడాది లింకన్ విశ్వవిద్యాలయ బృందం కార్న్ స్నేక్‌లకు బోసి పెట్టెనూ అమర్చిన పెట్టెనూ చూపిస్తే అవి రెండోదాన్నే కోరుకున్నాయి.

ఇక్కడ నాకు మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలోని ఇరుల గిరిజనుల సహకార సంఘం గుర్తొస్తుంది. 1978 నుంచి వాళ్ళు విరుగుడు మందుల కోసం నాగుపాములను, రక్తపింజరలను పట్టి విషం తీస్తున్నారు. పాములను ఉంచేది మట్టి కుండల్లో, మూతికి గుడ్డ కట్టి. కుండ చల్లన, చీకటి, ఇరుకు. బెదిరిన పాముకు అంతకన్నా ఊరట ఇచ్చే చోటు ఉండదు. కానీ మూడు నాలుగు వారాల తరవాత ఆ పాములను తిరిగి అడవిలో వదిలేస్తారు. సొరుగు కూడా అంతే. కొత్తగా వచ్చిన, జబ్బుపడిన, తిండి మానేసిన పాముకు అది మంచి ఆసుపత్రి గది. దాన్నే 30 ఏళ్ళ ఇల్లుగా చెప్పేవాళ్ళు వ్యాపారి సౌలభ్యాన్ని పాము ఇష్టంగా చెబుతున్నారు.

పెద్ద పెట్టెలో పాము బెదిరిపోయిందన్న ఉదాహరణలను విడదీసి చూస్తే చాలావాటిలో పెట్టె పెద్దది మాత్రమే కాదు, ఖాళీది కూడా. నాలుగడుగుల గాజు మధ్యలో ఒక నీళ్ళ గిన్నె, ఒక దుంగ పెడితే ఎంత ధైర్యమున్న పామైనా బెదురుతుంది. ఇంట్లోవాళ్ళకు చూడ్డానికి బాగుండాలని నాలుగు వైపులా గాజు వదిలేయడం కూడా ఒక కారణం. మూడు వైపులా నల్ల కాగితం అంటిస్తే సగం బెదురు తీరుతుంది. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, దాక్కునే గూళ్ళు రెండుండాలి. ఒకటే ఉంటే భద్రతా, సరైన వేడా అని పాము తేల్చుకోవాల్సి వస్తుంది. గూడు ఒంటికి నాలుగు వైపులా ఆనేంత బిగువుగా ఉండాలి. కిట్‌లోని సగం దుంగకు రెండు పక్కలా తెరిపే, దాన్ని గూడు అనడం కష్టం. మిగిలిన చోటంతా కొమ్మలు, బెరడు, ప్లాస్టిక్ ఆకులు, అట్టగొట్టాలతో నింపేయవచ్చు. పిల్ల పాముకు చిన్న పెట్టెతో మొదలుపెట్టాలా, నేరుగా పెద్దదే ఇవ్వవచ్చా అన్న పాత పేచీ కూడా ఇలాగే తేలిపోతుంది. నిండుగా అమర్చితే పెద్దదే ఇవ్వవచ్చు, రెండోసారి కొనే ఖర్చు తగ్గుతుంది.

తేమ లెక్కలు జాతిని బట్టి మారతాయి. కార్న్ స్నేక్‌కు 40-60 శాతం సరిపోతుంది, బాల్ పైథాన్‌కు 60-80 కావాలి. శీతాకాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇళ్ళల్లో గాలి ఎండిపోతుంది, జాలీ మూత ఉన్న తేమనూ బయటికి పంపేస్తుంది. తేమ చాలకపోతే కుబుసం ఒక్కటిగా ఊడిరాక ముక్కలుగా అంటుకుంటుంది, కళ్ళ మీది పొర మిగిలిపోతుంది. జాలీలో సగానికి పైగా మూసేసి, ఒక గూట్లో తడి నాచు పెడితే చాలావరకు కుదురుతుంది. రోజూ నీళ్ళు చల్లి నేలంతా చిత్తడి చేయడం వల్ల మాత్రం పొట్ట పొలుసులకు పుండ్లు పడతాయి. నేల మీద కార్న్ స్నేక్‌కు ఆస్పెన్ పొట్టు, బాల్ పైథాన్‌కు కొబ్బరిపొట్టు లేదా సైప్రస్ చెక్కముక్కలు వేయవచ్చు. సెడార్ పొట్టు ఏ పాముకూ వద్దు, దాని ఘాటు నూనెలు హాని చేస్తాయి.

అతినీలలోహిత కాంతి సంగతి తమాషాగా ఉంది. పాము మింగిన ఎలుక కాలేయంలోనే విటమిన్ డి ఉంది, ఇంకా దీపమెందుకని పాతతరం అనేది. 2008లో అమెరికన్ పశువైద్యులు కార్న్ స్నేక్‌లకు ఆ కాంతి చూపిస్తే వాటి రక్తంలో విటమిన్ డి మోతాదు స్పష్టంగా పెరిగింది. 2013లో బ్రిటన్‌లో బాల్ పైథాన్‌ల మీద అలాంటి ప్రయోగమే చేస్తే తేడా రాలేదు. అంటే ఒక జాతికి చెప్పింది ఇంకో జాతికి వర్తించదు. పైగా విటమిన్ పెరగడం వేరు, దానివల్ల పాము ఆరోగ్యం మెరుగవడం వేరు. తక్కువ శక్తి గొట్టపు దీపం పెడితే నష్టం లేదు, నీడకు తప్పుకునే చోటుంటే చాలు. దాని కోసం థర్మోస్టాట్ డబ్బులు మిగుల్చుకోవడం మాత్రం తలకిందుల లెక్క. బతికున్న మట్టి, మొక్కలు, మలాన్ని తినే చిన్న పురుగులతో ‘బయోయాక్టివ్’ పెట్టె కట్టడం మంచి సరదా, కానీ అది రెండో పాముకు.

మనుషుల వైపు చూస్తే తొలి పాముతో వచ్చే అసలు ముప్పు కాటు కాదు, సాల్మొనెల్లా. ఆరోగ్యంగా కనిపించే పాము మలంలోనూ ఆ బ్యాక్టీరియా ఉండవచ్చు. మేతకు కొనే ఎలుకల్లోనూ ఉంటుంది, గడ్డకట్టించినా చావదు. అయిదేళ్ళలోపు పిల్లలు, 65 దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఉన్న ఇంట్లో సరీసృపాలు వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సలహా. మనవళ్ళను చూసుకోవడానికి ఆర్నెల్లు వచ్చి ఉండే అమ్మమ్మ, తాతయ్యల వల్ల మన ఇళ్ళకు ఇది బాగా తగులుతుంది. నీళ్ళ గిన్నె వంటింటి సింకులో కడగకూడదు, మేత ఎలుకను ఇంటి మైక్రోవేవ్‌లో కరిగించకూడదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో కూడా ఫ్రిజ్ పైఅరలో చచ్చిన ఎలుకలంటే ఒప్పుకునేవాళ్ళు తక్కువ. గరాజులో చిన్న ఫ్రీజరు పెట్టుకున్న కుటుంబాలు ఈ గొడవ లేకుండా బయటపడతాయి.

పెట్టె అమర్చాక పాము రావడానికి కనీసం వారం ఆగాలి. ఖాళీ పెట్టెలో దీపం, మ్యాట్ నడిపి, పగలూ రాత్రీ రెండు చివర్ల వేడి రాసుకోవాలి. థర్మోస్టాట్‌లో పెట్టిన అంకె ఒకటి, నేల మీద వచ్చేది ఇంకొకటి కావడం సర్వసాధారణం. ఆ తేడాను ఈ వారంలోనే సర్దుకోవాలి. పాము వచ్చాక మొదటి రెండు మూడు నెలలు పొట్టు బదులు వట్టి కాగితం పరిస్తే మంచిదని వైద్యులు చెబుతారు. తెల్ల కాగితం మీద నల్ల చుక్కల్లా పేలు కనబడతాయి, మలం ఎలా ఉందో తెలుస్తుంది. మొదటి వారం చేతుల్లోకి తీసుకోకూడదు. మేత తిన్నాక రెండు రోజులు కూడా అంతే. ఇంట్లో ఇంకో పాము ఉంటే ఈ కాలమంతా రెంటినీ వేరు గదుల్లో ఉంచి, పాతదాని పని ముందు, కొత్తదాని పని తరవాత చూడాలి. ఆ తరవాత కూడా రెంటినీ ఒకే పెట్టెలో పెట్టకూడదు. కింగ్ స్నేక్ అయితే పక్కదాన్ని తినేస్తుంది. మిగతావి మంచి గూడు కోసం పోటీపడి, ఓడిన పాము తిండి మానేస్తుంది.